టీకామందునకు కావలివారు

బిడ్డకు టీకా వేయించితిమా లేదా యని మన మెల్లరమును విచారింతుము. కాని ఆ మందు మన బిడ్డను చేరువరకు దాని నెవరు, ఎట్లు కాపాడిరో విచారింపము. మాకును ఆ విచారము మా పొరపాటు వలననే కలిగినది.

మా కనిష్ఠ పుత్రికకు కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతములు రాకుండుటకై వేయవలసిన మందును, వైద్యుని చీటి ననుసరించి, ఒక దుకాణమున కొంటిమి. దుకాణదారుడు ‘చల్లని చోట నుంచుడు’ అని మాత్రము చెప్పెను. నాడు వైద్యుడు ఊర లేడు. ఎంత చల్లనైన నంత మేలని తలచి, మేము ఆ సీసాను ఇంటి రిఫ్రిజిరేటరులో మంచు గడ్డకట్టు అరయందుంచితిమి. మరునాడు మందు కరగి, చూపునకు మునుపటివలెనే యుండెను. వైద్యశాలలోని వృద్ధ ఫార్మసిస్టు దానిని చేత బట్టి, ‘అమ్మా, రాత్రి దీని నెక్కడ నుంచితిరి?’ అని యడిగెను. చెప్పితిమి. ఆయన సీసాను ప్రక్కకు బెట్టి, ‘ఇది బిడ్డకు పనికిరాదు తల్లీ’ యనెను. తమ శీతలపేటికనుండి వేరొక సీసా తీసియిచ్చెను.

బడిపంతులు జీతమున ఆ పైకము స్వల్పము కాదు. అయినను ఆయన అడుగకున్నచో, రక్షణలేని బిడ్డను రక్షణ గలదనుకొని పెంచియుందుము గదా!

ఆ మందునందు అల్యూమినియపు లవణము కలదు. గడ్డకట్టినచో అది ముద్దలుగా గూడి, కరగిన పిమ్మటను పూర్వస్థితికి రాదు. మందు శక్తి క్షీణించును. అందుచేత దానిని 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు నడుమనే యుంచవలెను. పోలియో చుక్కలకు వేడిమి శత్రువు. ఆ సీసామీద వలయము, దాని నడుమ చదరము ముద్రింపబడి యుండును. చదరము వలయముకంటె తెల్లగా నున్నంతవరకే మందు యోగ్యము. రెండును సమానవర్ణమైనను, చదరము మరింత నల్లబడినను పారవేయవలసినదే.

అనేక ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఈ కాపుదల ఫార్మసిస్టులదే. దినమునకు రెండుమారులు పెట్టె చల్లదనమును చూచి పుస్తకమున వ్రాయుట వారి విధి. 2014 మార్చి 27వ తేదీన మన దేశమునకు పోలియోరహితమను ధ్రువీకరణము లభించుటలో ఇట్టి మౌనసేవకును పాలు కలదు.

కావున దుకాణమున కొనవలసివచ్చినచో, టీకా వేయించు దినముననే కొనుడు. సీసా మంచుగడ్డకు తగులకుండ మంచుపెట్టెలో తీసికొనిపొండు. ఎట్లు భద్రపరచిరని అడుగుటకు సంకోచింపకుడు. ప్రభుత్వ కేంద్రములందు టీకాలు ఉచితముగా లభించునని ఇరుగుపొరుగువారికి చెప్పుడు. నాటి మా సిగ్గును దాచుకొనక చెప్పుట, మీ బిడ్డల క్షేమము కోరియే.