కళ్లు పోతాయన్న అక్షరం

1760 ప్రాంతంలో లండన్‌లో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్, బర్మింగ్‌హామ్‌లోని తన స్నేహితుడు, అచ్చు అక్షరాల రూపశిల్పి జాన్ బాస్కర్‌విల్‌కు ఒక ఉత్తరం రాశాడు. బాస్కర్‌విల్ అక్షరాల్లో గీతలు మరీ సన్నగా ఉన్నాయని, అవి చదివితే దేశంలో అందరికీ కళ్లు పోతాయని ఓ పెద్దమనిషి తనతో వాదించాడట. ఫ్రాంక్లిన్ లోపలికి వెళ్లి, మరో అచ్చక్షరాల రూపకర్త విలియం కాస్లన్ అక్షరాల నమూనా కాగితం తీశాడు. పైనున్న పేరు చించేసి, ఇవే బాస్కర్‌విల్ అక్షరాలంటూ చేతికిచ్చాడు. పెద్దమనిషి ఒక్కో వరుసకీ వంకలు పెట్టాడు. చదువుతుంటే కళ్లు నొప్పులు పుడుతున్నాయన్నాడు. ఆయన జీవితమంతా ఏ ఇబ్బందీ లేకుండా చదువుకున్నవి ఆ కాస్లన్ అక్షరాలే. ఆ సంగతి చెప్పి ఆయన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక ఊరుకున్నానని ఫ్రాంక్లిన్ రాశాడు.

కొత్త అక్షరాన్ని మన కళ్ల కంటే ముందు మన అలవాటు తూకం వేస్తుంది. బాస్కర్‌విల్ ఆ తూకానికి బలైనవాడు. అయినా ఇవాళ ప్రపంచంలో పుస్తకాలకు ఎంతో ఇష్టంగా వాడే సెరిఫ్ అక్షరాల్లో ఆయనదీ ఒకటి. గీత చివర చిన్న అడ్డుకొన ఉండే అక్షరాలను సెరిఫ్ అంటారు.

ఆయన మొదట దస్తూరీ నేర్పే పంతులు, సమాధి రాళ్లు చెక్కే పనివాడు. పలకరాయి మీద ఆయన చెక్కిన ప్రకటన ఫలకం ఇప్పటికీ బర్మింగ్‌హామ్‌లో ఉంది. తర్వాత పళ్లేలకూ పెట్టెలకూ జపాన్ తరహా నల్లని నిగనిగల పూత వేసే వ్యాపారంలో బాగా సంపాదించాడు. ఆ డబ్బును 1750 నుంచి అక్షరాల మీద పోశాడు. ఆయన గీసిన రూపాలను జాన్ హ్యాండీ అనే పనివాడు ఉక్కు కడ్డీల కొసన తిరగేసి చెక్కేవాడు. ఆ కడ్డీని రాగి మీద కొడితే పడే గుంటలో కరిగించిన లోహం పోసి అచ్చులు తీసేవారు.

ఆయన అక్షరాల్లో మందపు గీతకూ సన్న గీతకూ తేడా అంతకుముందుకంటే పెరిగింది. గుండ్రని వంపుల్లో బరువు వాలుగా కాక నిలువుగా నిలిచింది. అడ్డుకొనలు పదునెక్కాయి. చిన్న ‘జి’ కింది గుండ్రం పూర్తిగా మూసుకోదు. పెద్ద ‘క్యూ’ తోక విశాలంగా సాగుతుంది. రాతిమీద ఉలి నడిపిన చెయ్యి, కాగితం మీద కలం నడిపిన చెయ్యి రెండూ ఇందులో నాకు కనిపిస్తాయి.

అయితే అంత సన్నని గీత ఆనాటి గరుకు కాగితం మీద నిలిచేది కాదు. అక్షరాన్ని మోటుగా మార్చడానికి ఆయన ఒప్పుకోలేదు. మిగతావన్నీ మార్చాడు. ప్రెస్సును మరింత కచ్చితంగా కట్టించాడు. సిరాను మరింత నల్లగా కాచాడు. అచ్చయిన కాగితాలను వేడి రాగి రేకుల మధ్య అదిమి నునుపు తెచ్చాడు. 1757లో తెచ్చిన తొలి పుస్తకం, లాటిన్ కవి వర్జిల్ కావ్యాలలో కొంత భాగాన్ని చారల్లేని సమతలపు కాగితం మీద అచ్చు వేశాడు. ఆ రకం కాగితం ఐరోపా పుస్తకాల్లో అప్పుడే కొత్తగా అడుగుపెట్టింది. అక్షర రూపశిల్పి అన్న మాటకు ఇంతకంటే నిండైన ఉదాహరణ నాకు తెలియదు.

1763లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కోసం అచ్చు వేసిన బైబిల్ చూడ ముచ్చటైనది. కానీ సరిగా అమ్ముడుపోలేదు. 1775లో ఆయన పోయాక భార్య శారా ఆ అచ్చు సరంజామాను ఫ్రెంచి నాటక రచయిత బోమార్షేకు అమ్మింది. రైన్ నది ఒడ్డున కేల్ పట్టణంలో వోల్టేర్ సమగ్ర రచనలు ఆ అక్షరాలతోనే వెలువడ్డాయి. ఇంగ్లండ్ మాత్రం వాటిని మరిచిపోయింది. 1917లో అమెరికన్ గ్రంథ రూపశిల్పి బ్రూస్ రోజర్స్ మళ్లీ వాటి జాడ పట్టుకున్నాడు. 1920లలో మోనోటైప్ సంస్థ తిరిగి గీయించింది. చెక్కుడు కడ్డీలు 1953లో ఫ్రాన్స్ నుంచి కేంబ్రిడ్జికి కానుకగా తిరిగొచ్చాయి.

కెనడా ప్రభుత్వ చిహ్నంలో ఆ దేశం పేరు బాస్కర్‌విల్ ఆధారంగా దిద్దిన అక్షరాల్లోనే ఉంటుంది. 2012లో దర్శకుడు ఎరల్ మోరిస్ న్యూయార్క్ టైమ్స్ పాఠకుల మీద ఒక ప్రయోగం చేశాడు. ఒకే చిన్న పేరాను ఆరు రకాల అక్షరాల్లో చూపించి, అందులోని మాట నమ్ముతారా అని అడిగాడు. దాదాపు 45 వేల మంది జవాబిచ్చారు. తేడా కొద్దిపాటిదే అయినా, ఎక్కువ మంది నమ్మింది బాస్కర్‌విల్‌లో ఉన్న పేరానే.

ఇది వెడల్పాటి అక్షరం, చోటు అడుగుతుంది. నవలలకూ కవిత్వానికీ బాగుంటుంది. వార్తాపత్రిక ఇరుకు కాలమ్‌కు పనికిరాదు. చౌక న్యూస్‌ప్రింట్ మీద సన్న గీతలు ఎగిరిపోతాయి. తెలుగులోనూ సన్నని ఫాంట్‌ను చిన్న సైజులో, సిరా పీల్చే కాగితం మీద వేస్తే ముందు దెబ్బతినేవి వత్తులే. అందుకే ఇంగ్లిష్ పుస్తకం వేసే మన ప్రచురణకర్తలు బాస్కర్‌విల్ ఎంచుకుంటే కాగితాన్నీ దానితోపాటే ఎంచుకోవాలి. వరుసల మధ్య కాస్త ఎడం ఇవ్వాలి. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో చదివించాలంటే పెద్ద సైజు నమూనాల నుంచి తీసిన పలచని రూపాలు వద్దు. ‘లిబ్రే బాస్కర్‌విల్’ వాడండి. చిన్న అక్షరాల ఎత్తు, లోపలి ఖాళీ పెంచి, మందానికీ సన్నానికీ తేడా కొంత తగ్గించి తెర కోసమే గీసిన రూపం అది. ఉచితంగా దొరుకుతుంది.