ఎత్తుపండ్లు – ఎక్స్-రే కొలతలు

పండ్రెండేండ్ల పిల్లలు ముగ్గురిని ప్రక్కనుండి చూచినప్పుడు ముగ్గురికిని ఎత్తుపండ్లే కనబడవచ్చును. కాని ఒకరికి పై దవడ ముందుకు పెరిగి యుండును. వేరొకరికి క్రింది దవడ వెనుకబడి యుండును. మూడవవారికి దవడలు రెండును సక్రమముగానే ఉండి, పండ్లు మాత్రము ముందుకు వాలి యుండును. పెదవులు, బుగ్గలు ఎముకను కప్పి యుండుటచే కంటితో ఈ భేదమును నిశ్చయించుట కష్టము. నోటి అచ్చు తీసినను పండ్ల వరుస తెలియునే గాని, దవడలు కపాలములో ఎక్కడ అమరినవో తెలియదు.

ఎక్స్-రే కిరణములను రాంట్‌జన్ 1895లోనే కనుగొనెను. ఐనను తలను ప్రతిసారి ఒకే తీరున నిలుపు సాధనము లేనందున చాలకాలము ఆ చిత్రములు కొలతకు పనికిరాలేదు. తల ఇంచుక తిరిగినను నీడ మారును గదా! అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరపు దంతవైద్యుడు బ్రాడ్‌బెంట్, ఎండిన కపాలములను కొలుచు పరికరమును సజీవులకు తగినట్లు మార్చి 1931లో ఈ చిక్కు తీర్చెను. అదే సంవత్సరము జర్మనీలో హోఫ్రాత్ ఇట్టి పద్ధతినే ప్రకటించెను. చెవిరంధ్రములలో రెండు కడ్డీలు నిలిపి తలను కదలనీయరు. కిరణములు పుట్టు స్థానము తల నడిమికి ఐదడుగుల దూరమున ఉండును. అప్పటికిని కుడి, ఎడమ దవడ అంచులు ఒకదానిపై నొకటి పడవు. ఫిలిమునకు దూరమైన వైపు నీడ కొంచెము పెద్దదగును. ఆ రెండు గీతల నడుమ మూడవ గీత గీసి దానినే కొలిచెదరు.

పీయూషగ్రంథి ఇమిడియుండు చిన్న గుంట యొక్క నడిమి బిందువు 'ఎస్'. నుదుటి ఎముక, ముక్కు ఎముక కలియు చోటు 'ఎన్'. ఈ రెంటిని కలుపు రేఖయే ఆధారము. కపాలపు ఆ భాగము ముఖము కంటె ముందుగానే చాలవరకు పెరిగి నిలుచును. పై దవడ ముందంచున లోతైన చోటు 'ఎ', క్రింది దవడపై అట్టిదే 'బి'. 'ఎన్' వద్ద ఆధారరేఖతో 'ఎ' చేయు కోణము సగటున 82 డిగ్రీలు, 'బి' చేయునది 80. అమెరికాలో స్టైనర్ 1953లో ప్రకటించిన పద్ధతిలో ఈ అంకెలు చేరినవి.

పై ముగ్గురు పిల్లలలో ఒకరికి 87, 80 వచ్చినవనుకొందము: దోషము పై దవడది. ఎదుగు వయస్సు గనుక, తలకు తగిలించు పట్టీతో దాని పెరుగుదలను అదుపు చేయవచ్చును. వేరొకరికి 82, 75 వచ్చినచో క్రింది దవడయే వెనుకబడినది. దానిని ముందుకు నిలిపి ఉంచు పరికరములు కలవు. అవి ఎముకను నిజముగా ఎంత పెంచునన్న విషయమున పండితులలో భేదాభిప్రాయము లేకపోలేదు. మూడవవారికి 82, 80 వచ్చి, పై ముందుపండ్ల వాలు సగటు 22 డిగ్రీలకు బదులు 35 ఉన్నచో, పండ్లను వెనుకకు జరుపుటే చికిత్స. చోటు చాలనిచో కోరపంటి వెనుకనున్న పన్ను తీయవలసి యుండును. రెండవ పిల్లకు ఈ మూడవ చికిత్స చేసినచో? పండ్లు కలియును, కాని పై పెదవి వెనుకకు పోయి ముక్కు మరింత ఎత్తుగా కనబడవచ్చును. తీసిన ఆరోగ్యమైన పండ్లు తిరిగి రావు. ఎదుగుదల ముగిసిన పెద్దవారికి దవడలో దోషము మిక్కుటముగా ఉన్నచో శస్త్రచికిత్సయే శరణ్యము.

అంకెలను గ్రుడ్డిగా నమ్మరాదు. డౌన్స్ 1948లో ప్రకటించిన ప్రమాణములు చక్కని పలువరుస గల ఇరువదిమంది తెల్లజాతి అమెరికనుల నుండి తీసినవి. భారతీయుల ముఖములను వాటితో సరిపోల్చుట న్యాయము కాదు. అందుకే మనదేశములో ఆయా ప్రాంతములవారికి వేరుగా కొలతలు తీసినారు. 'ఎన్' బిందువే కొందరిలో ముందుకు జరిగి యుండును. అప్పుడు దవడల మధ్య భేదము ఉన్నదానికంటె తక్కువగా తోచును. ఈ లోపమును గుర్తించి జేకబ్‌సన్ 1975లో 'ఎన్'ను విడిచి, పండ్లు కలియు రేఖ మీదికే 'ఎ', 'బి'ల నుండి లంబములు దింపి, వాటి ఎడమును మిల్లీమీటర్లలో కొలిచెను. నేడు గీతలను కంప్యూటరు గీయుచున్నను, ఏ బిందువు ఎక్కడ ఉన్నదో వైద్యుడు సరిచూడవలసినదే.