పద్దెనిమిది నిండాకే పెళ్లి



మన పల్లెల్లో ఆడపిల్ల పెద్దమనిషి అయితే చాలు, మాటలు మొదలవుతాయి. "ఇంకా బడికేం పంపుతావ్? మంచి సంబంధం వచ్చింది, చేసెయ్" అంటారు. తల్లికి గుబులు పుడుతుంది.

ఈ తొందర ఎందుకు?

వయసు పెరిగితే కట్నం పెరుగుతుందని భయం. ఎక్కువ చదివితే అంతకన్నా చదివిన పిల్లవాణ్ణి తేవాలని భయం. పెద్ద బడి పక్క ఊళ్లో ఉంది, దారిలో ఏమవుతుందోనని భయం. మనం వలస పోతే పిల్ల ఎక్కడుంటుందని భయం. ఇవి ఉత్త భయాలు కావు. కానీ చిన్నతనంలో పెళ్లి చేస్తే కష్టం తీరదు. అది పిల్ల నెత్తిన పడుతుంది.

పిల్లకు ఏమవుతుంది?

15, 16 ఏళ్లకు ఒళ్లు పూర్తిగా ఎదగదు. తుంటి ఎముకలు ఇంకా పెరుగుతూ ఉంటాయి. అప్పుడే కడుపు వస్తే కాన్పు కష్టమవుతుంది. రక్తం తగ్గిపోతుంది. బి.పి. పెరిగి ఫిట్స్ రావచ్చు. తల్లి ప్రాణానికే ముప్పు. బిడ్డ నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టవచ్చు.

ఇది ఎక్కడో జరిగేది కాదు. 2019-21లో సర్కారు సర్వే చేసింది. 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లను అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్లయింది. తెలంగాణలో నూటికి 23, 24 మందికి అయింది.

చట్టం ఏమంటుంది?

1929 చట్టంలో ఆడపిల్ల పెళ్లి వయసు 14 ఏళ్లు. 1978లో దాన్ని 18 చేశారు. మగపిల్లవాడికి 21 నిండాలి. 2006లో గట్టి చట్టం వచ్చింది. బాల్యవివాహం చేసినవాళ్లకు, జరిపించినవాళ్లకు రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆడవాళ్లను జైల్లో పెట్టరు గానీ జరిమానా వెయ్యవచ్చు. చిన్నప్పుడు పెళ్లయిన పిల్ల ఆ పెళ్లి వద్దనుకుంటే కోర్టుకు పోవచ్చు. 20 ఏళ్లు నిండేలోగా పోవాలి.

మనం ఏం చెయ్యాలి?

పిల్లను బడి మాన్పించవద్దు. బడి దూరమైతే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం ఉంది. 2004లో ఇవి మొదలయ్యాయి. చదువు మానేసిన పిల్లల్ని, పేదింటి పిల్లల్ని ఆరో తరగతి నుంచి చేర్చుకుంటారు. తిండి, పడక, పుస్తకాలు ఉచితం. వలస పోయే తల్లులకు ఇది పెద్ద ఆసరా. తెలంగాణలో కల్యాణలక్ష్మి డబ్బులు కూడా పెళ్లినాటికి పిల్లకు 18 నిండితేనే వస్తాయి.

ఊళ్లో చిన్నపిల్లకు పెళ్లి కుదిరిందా? పందిరి వేసేదాకా ఆగవద్దు. ముందు తల్లిదండ్రులకు నచ్చచెప్పండి. వినకపోతే అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి. లేదా 1098కి ఫోన్ చెయ్యండి. పైసా ఖర్చు లేదు. రాత్రీ పగలూ పలుకుతారు. పిల్ల కూడా తనే చెయ్యవచ్చు. ఈ నంబరు మీ పిల్లలకు నేర్పండి.

సంఘం మీటింగులో మాట్లాడుకోండి:

1. మన ఊళ్లో బడి మానేసిన ఆడపిల్లలు ఎంతమంది? ఎందుకు మానేశారు?
2. పక్క ఊరి బడికి పిల్లలంతా కలిసి పోయే ఏర్పాటు ఎలా చెయ్యాలి?
3. 18 నిండకుండా పెళ్లి చెయ్యబోమని సంఘంలో అందరం మాట ఇద్దామా?