అద్దంలో ఎర్ర చుక్క

"తాతా, ఎయిర్ గన్‌కి రెడ్ డాట్ సైటు కొందామనుకుంటా ఉండా. రెండు మూడు వేలకే వస్తా ఉండాది. ఏది తీసుకోమంటావు?" అన్నాడు మా మనవడు. చిట్టమూరు కుర్రాళ్ళకి తుపాకి సరదా ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. మల్లాం సుబ్రహ్మణ్యస్వామి తిరునాళ్ళలో బుడగల అంగడి దగ్గర! అక్కడి తుపాకి సైటు, అంటే గురి చూసే సాధనం, ఎప్పుడూ వంకరే. అది వంకరగా ఉండటమే అంగడివాడికి లాభం.

ముందు ఒక భ్రమ తీసెయ్యాలి. సినిమాల్లో విలన్ గుండె మీద ఎర్ర చుక్క వచ్చి వాలుతుంది చూడు, అది లేజరు. రెడ్ డాట్ సైటు అది కాదు నాయనా. ఈ చుక్క నీ కంటికి తప్ప ఎవరికీ కనపడదు. సైటు గొట్టం దాటి గురి మీద చుక్కగా పడే వెలుగేమీ లేదు.

అయితే దీనితో ఏం లాభం? మామూలు తుపాకికి వెనక ఒక గాడి, ముందు ఒక ముల్లు ఉంటాయి. ఆ రెండింటితో పాటు దూరాన గురి. మూడూ మూడు దూరాల్లో ఉంటే కన్ను ఒక్కసారికి ఒక్కదాన్నే స్పష్టంగా చూడగలదు. కుర్రకన్ను చకచకా మార్చుకుంటూ సర్దుకుపోతుంది. నలభై దాటినవాడికి వెనక గాడి బూజు పట్టినట్టే ఉంటుంది. రెడ్ డాట్ సైటు ఈ తగాదా తీర్చేస్తుంది. చుక్క కూడా గురి ఉన్న దూరంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి కన్నుకి ఒక్కటే పని.

దీని లోపలి పని చాలా చిన్నది. గొట్టంలో ఒక పక్కన ఆవగింజ కన్నా చిన్న ఎర్ర ఎల్‌ఈడీ దీపం. ఎదురుగా కొంచెం వంపు తిరిగిన అద్దం. ఆ అద్దానికి ఎర్ర రంగును మాత్రం వెనక్కి తిప్పికొట్టి, మిగతా రంగుల్ని దాటనిచ్చే పలచని పూత. దీపాన్ని సరిగ్గా ఆ వంపు నాభి దగ్గర పెడతారు. నాభి నుంచి బయల్దేరిన కిరణాలు అద్దానికి తగిలి, ఒకదానికొకటి సమాంతరంగా కంటికి వస్తాయి. సమాంతరంగా వచ్చే వెలుగు ఎంతో దూరం నుంచి వస్తున్నట్టు కంటికి తోస్తుంది. నాయుడుపేట నుంచి రాత్రి బస్సులో వస్తుంటే తాటిచెట్లన్నీ వెనక్కి పోతాయి, చంద్రుడు మాత్రం మనతోపాటే వస్తాడు కదా? ఈ చుక్కా అంతే. తల అటూ ఇటూ జరిపినా అది చూపించే దిక్కు మారదు.

ఈ ఆలోచన తుపాకుల వాడిది కాదు, నక్షత్రాల వాడిది. డబ్లిన్‌లో టెలిస్కోపులు చేసే హోవర్డ్ గ్రబ్ 1900లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి ఎల్‌ఈడీ లేదు, పగటి వెలుగునే వాడుకున్నాడు. ఆకాశంలో అంతులేని దూరాన ఉన్న చుక్కల్ని చూసీ చూసీ, అలాంటి చుక్కనొకదాన్ని అద్దంలో పుట్టించుకున్నాడన్నమాట. మనకీ ఆయనతో చుట్టరికం ఉంది. హైదరాబాదు నిజామియా వేధశాలలో నవాబ్ జఫర్ జంగ్ తెప్పించిన 15 అంగుళాల టెలిస్కోపు ఆ గ్రబ్ కార్ఖానాదే. తర్వాత జలాంతర్గాముల పెరిస్కోపుల్లోనూ ఆయన చెయ్యి ఉంది. ఎల్‌ఈడీ పెట్టిన సైటు బజారుకి వచ్చింది 1975లో, స్వీడన్‌లోని ఎయిమ్‌పాయింట్ చేతుల మీదుగా.

ఇక అసలు మెలిక. చుక్క చూపించే దిక్కు మారదన్నాను. కానీ నువ్వు కన్ను అయిదు మిల్లీమీటర్లు పక్కకి జరిపితే, చూపు గీత కూడా అయిదు మిల్లీమీటర్లు పక్కకి జరుగుతుంది. వంద మీటర్ల అవతల అయిదు మిల్లీమీటర్లు ఎవడికి లెక్క? పది మీటర్ల దగ్గర మాత్రం లెక్కే. పోటీల్లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ గురికాగితం మధ్యన ఉండే పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు! చుట్టూ ఉన్న నల్ల వృత్తమంతా కలిపి 30.5 మిల్లీమీటర్లే.

చుక్క లావు సంగతి ఇంకొకటి. డబ్బా మీద 3 ఎంఓఏ అని ఉంటుంది. ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం. నిండు చంద్రుడు అడ్డంగా దాదాపు ముప్ఫై ఎంఓఏలు. ఒక్క ఎంఓఏ వంద మీటర్ల దగ్గర 29 మిల్లీమీటర్లు, పది మీటర్ల దగ్గర 2.9. అంటే 3 ఎంఓఏ చుక్క పది మీటర్ల దగ్గర తొమ్మిది మిల్లీమీటర్ల దాకా కప్పేస్తుంది. అర మిల్లీమీటరుని దాని కింద ఎక్కడ వెతుకుతావు?

అందుకే మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు పతకం కొట్టినప్పుడు రైఫిల్ మీద ఉన్నది చిన్న కంతలోంచి చూసే పీప్ సైటు. రైఫిల్‌కి కటకం బిగించడం ఆ పోటీలో నిషేధం. చిన్న కంతలోంచి చూస్తే దగ్గరా దూరమూ రెండూ తేటగా కనిపిస్తాయి, పైగా కన్ను దానంతటదే మధ్యకి సర్దుకుంటుంది. మా వాడికి అదే చెప్పాను: పోటీలకి పోవాలనుంటే రెడ్ డాట్ మీద రూపాయి పెట్టకు. బుడగలు, ఖాళీ డబ్బాలు కొట్టే సరదాకైతే కొనుక్కో, బాగానే పనికొస్తుంది.

కొనేవాడు చూసుకోవాల్సినవి నేను చెబుతా. తుపాకిని ఇసుక మూట మీద కదలకుండా ఆనించి, యాభై మీటర్లకి పైగా దూరంలో ఉన్న కరెంటు స్తంభం మీద చుక్క పెట్టు. తుపాకిని ముట్టుకోకుండా తల మాత్రం జరుపు. చుక్క స్తంభం వదిలి ఊరేగితే అద్దం వంపు సరిగా లేనట్టే. తర్వాత సర్దుబాటు మరలు: పైకి పది క్లిక్కులు, కుడికి పది, కిందికి పది, ఎడమకి పది తిప్పు. చుక్క మొదట ఉన్నచోటికే రావాలి. రాకపోతే చవక మరలు చేసే మోసం అది. వెలుగు బాగా తగ్గించే వీలుందా చూడు. సందె వేళ మరీ కాంతిగా ఉంటే చుక్క ఉబ్బి గురిని మింగేస్తుంది.

చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలా కనిపిస్తే సైటుని తిట్టకు. గొట్టాన్ని మెల్లగా తిప్పు. తోక గొట్టంతో పాటు తిరిగితే తప్పు సైటుది. ఎటు తిప్పినా తోక ఒకే దిక్కుకి ఉంటే నీ కంటి పొరలో వంకర ఉందన్నమాట, ఆస్టిగ్మాటిజం అంటారే, అది. సెల్‌ఫోను కెమెరాలోంచి చూసినా తెలిసిపోతుంది. కెమెరాకి గుండ్రంగా కనిపిస్తే కళ్ళ డాక్టరు దగ్గరికి పద.

స్ప్రింగు ఎయిర్ గన్‌ది విచిత్రమైన తన్ను. ముందు వెనక్కి, ఆ వెంటనే ముందుకి తంతుంది. పెద్ద తుపాకుల తన్ను తట్టుకున్న అద్దాలు కూడా దీనికి బీటలిస్తాయి. స్ప్రింగు తుపాకికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే తీసుకో. మన పులికాట్ గాలికి లోపల చెమ్మ పట్టిందంటే పూత మీద బూజు వస్తుంది. వాడనప్పుడు సిలికా జెల్ పొట్లంతో మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టు. లోపలుండేది 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ. ఖరీదైన సైట్లలో అది ఏళ్ళకేళ్ళు ఆరకుండా నడుస్తుంది, చవకవాటిలో ఆర్పడం మరిస్తే ఖాళీ.

లైసెన్సు సంగతి కూడా అడిగాడు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం .177 బోరు, 20 జూళ్ళ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్నులకి అక్కర్లేదు. పిట్టల మీదికి మాత్రం పోవద్దు, అదీ చెప్పాను. నేలపట్టు గూడబాతులూ, మన పొలాల్లో దిగే కొంగలూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి.

చివరికి వాడు ఒకటి చూపించి ఇదే తీసుకుంటానన్నాడు. ముందు స్కేలు తెచ్చి తుపాకి మీద సైటు బిగించే పట్టా కొలవమన్నాను. ఎయిర్ గన్నులకి సాధారణంగా ఆ పట్టా వెడల్పు 11 మిల్లీమీటర్లు. వాడు చూపించిన సైటు అడుగున ఉన్నది ఇరవై పైచిలుకు వెడల్పు పట్టాకి చేసిన బిగింపు. అది దీని మీద నిలవదు, మధ్యలో అడాప్టరు కావాలి. దాని ధర కూడా కలిపి లెక్కేసుకున్నాక ఇంకోటి వెతకడం మొదలుపెట్టాడు.