గండం ప్రక్కన కాపురం: గంజాం, గోపాలపురం రేవుల కథ

దసరా వచ్చినది మొదలు మాఘమాసపు పెండ్లిళ్ళ వరకు బరంపురం పట్టు మగ్గాలకు తీరిక ఉండదు. జోళ్ళకు, చీరెలకు బేరాలు వచ్చేది ఆ రోజులలోనే. అప్పు తెచ్చి పట్టు కొని పడుగులు వేసుకొనేది కూడ అప్పుడే. మన తీరానికి పెద్ద గాలివానలు వచ్చే కాలం కూడ సరిగా అదే. ఈ రెండు ఒక్కసారి వచ్చుట వలన మన కుటుంబాలు ఎంత నష్టపడుచున్నవో చదువరులకు మేము వేరుగా చెప్పనక్కరలేదు. కాని గండం ప్రక్కన కాపురం చేయుట మనకొక్కరికే పట్టిన సంగతి కాదు. మన రేవుల పూర్వ చరిత్రను, దూరదేశపు రేవు ఒకదాని చరిత్రను కలిపి చూచినచో మనకు పనికివచ్చే సంగతులు కొన్ని దొరకగలవని తోచి ఈ వ్యాసం వ్రాయుచున్నాము.

ముందుగా మన తీరం స్వరూపం. బరంపురానికి సుమారు పది మైళ్ళలో గోపాలపురం ఉన్నది. ఈశాన్యంగా ఇరవై మైళ్ళ లోపున, ఋషికుల్య నది సముద్రంలో కలియుచోట, గంజాం ఉన్నది. అది దాటి పైకి పోయినచో పాలూరు కొండలు, చిలక సరస్సు వచ్చును. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలెమీ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు తన గ్రంథంలో ఈ తీరపు రేవును ఒకదానిని 'పలౌర' అని పేర్కొన్నాడు. సువర్ణభూమికి పోవు ఓడలు దాని దాపునుండే ఒడ్డు విడిచి నడిసముద్రంలోకి సాగిపోవునని వ్రాసినాడు. ఆ పలౌర మన పాలూరేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. మధ్యధరా సముద్రపు ఒడ్డున కూర్చున్న మనిషికి మన ఊరి పేరు తెలిసినదంటే ఆనాటి ఓడల రాకపోకలు ఎంతటివో ఊహించుకొనవచ్చును.

పేర్లే కాదు, మన దేశపు సరకులు కూడ అంత దూరం పోయినవి. ఇటలీ దేశంలో నేపుల్స్ నగరానికి దగ్గరనున్న పాంపే అనే ప్రాచీన పట్టణాన్ని త్రవ్వినప్పుడు, 1938లో, భారతదేశంలో చెక్కిన దంతపు స్త్రీ బొమ్మ ఒకటి బయటపడినది. అది నేపుల్స్ పురావస్తుశాలలో ఉన్నది. ఆ బొమ్మను క్రీ.శ. 79 నుండి మట్టి క్రింద దాచినది వెసూవియస్ అనే అగ్నిపర్వతం. మనం పోల్చి చూడదలచిన దూరదేశపు రేవు ఈ నేపుల్సే.

నేపుల్స్ అను పేరు 'నెయాపొలిస్' అనే గ్రీకు మాట నుండి వచ్చినది. మన భాషలో చెప్పవలెనన్న 'కొత్తపట్నం'. రెండున్నర వేల ఏండ్ల క్రిందట గ్రీకులు దానిని కట్టినారు. ముందు అర్ధచంద్రాకారపు సముద్రం, తూర్పున అతి సమీపంలో 4,200 అడుగుల ఎత్తున వెసూవియస్. క్రీ.శ. 79లో ఆ కొండ పగిలి పాంపే, హెర్క్యులేనియం పట్టణాలను బూడిదలో పూడ్చివేసినది. త్రవ్వకాలలో పాంపేలో బట్టలు ఉతికి చలువ చేసే కార్ఖానాలు, వాటి తొట్లతో సహా, బయటపడినవి. మరల 1631లో కొండ రగిలి వేలకొలది ప్రజలు చనిపోయినారు. చివరిసారి 1944లో రగిలినది. అయినను జనం ఆ చోటు వదలలేదు. బూడిద పడిన నేల మంచి సారవంతమైనది; ద్రాక్షతోటలు, కూరగాయలు విరివిగా పండును. కడుపు నింపే నేలను భయపడి విడిచిపెట్టువారు అరుదు.

విడిచిపెట్టలేదు గనుక కావలి పెట్టినారు. 1841లో కొండమీదనే ఒక పరిశోధనాలయం నెలకొల్పినారు. లోకంలో అగ్నిపర్వతాలను కనిపెట్టి చూచుటకు ఏర్పడిన పరిశోధనాలయాలలో అది మొదటిది. అత్యంత ప్రమాదకరమని గుర్తించిన ప్రాంతంలో నేడు సుమారు 7 లక్షల మంది ఉన్నారు. హెచ్చరిక వచ్చినచో 72 గంటలలో వారినందరిని తరలించుటకు ఏ ఊరివారు ఎక్కడికి పోవలెనో ముందే నిర్ణయించి ఉంచినారు.

ఇప్పుడు మన గంజాం సంగతి చూతము. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారి చేతికి వచ్చిన పిమ్మట, 1768లో, ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అనే కంపెనీ అధికారి గంజాం వచ్చి ఋషికుల్య దాపున స్థిరపడినాడు. జిల్లాకు పేరిచ్చిన ఆ పట్టణం కోటతో, కచేరీలతో, రేవుతో కళకళలాడినది. దానికి నిప్పులు క్రక్కే కొండ లేదు. కాని 1815లో విషజ్వరం వ్యాపించి జనం పెక్కుమంది చనిపోగా, దొరలు కచేరీలను బరంపురం, ఛత్రపురం వైపు మార్చివేసినారు. కచేరీలతో పాటు వర్తకం పోయినది, వర్తకంతో పాటు రేవు పోయినది. నేడు ఋషికుల్య ముఖద్వారం పేరు లోకం వినేది గ్రుడ్లు పెట్టుటకు వేలాదిగా వచ్చే సముద్రపు తాబేళ్ళ వలన. నేపుల్స్ నిలిచినది, గంజాం నిలువలేదు. గండం పెద్దదా చిన్నదా అన్నది ఒక్కటే లెక్క కాదు. గండం వచ్చిననాడు ఆ ఊరిని నమ్ముకొని నిలిచి మరల కట్టుకొనేవారు ఉన్నారా లేరా అన్నది అసలు లెక్క. గంజాంలో పెత్తనం చేసినవారికి అది సొంత ఊరు కాదు.

గంజాం తగ్గిన తరువాత గోపాలపురం హెచ్చినది. అక్కడ ఓడలు ఒడ్డుకు చేరు వసతి లేదు. దూరంగా లంగరు వేసిన ఓడలకు మసూలా పడవలమీద అలలు దాటి సరకులు, మనుషులు చేరవలసి ఉండేది. ఆ పడవలమీదనే మన జిల్లా కూలివారు, తెలుగువారు ఒరియావారు అను భేదం లేక, రంగూన్ ఓడలెక్కినారు. బర్మా వరికోతలలో, మిల్లులలో, రేవులలో పాటుపడి ఇండ్లకు డబ్బు పంపినారు. 1893-96 మధ్య బెజవాడ నుండి కటకం వరకు రైలుదారి పడగా రేవు సరకు కొంత రైలుకు మళ్ళినది. కాని రంగూన్ ప్రయాణం మానలేదు. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడినవి. 1942 మార్చిలో జపానువారు దానిని పట్టుకొన్నారు. దానితో గోపాలపురం రేవు కూడ మూతపడినది. ఇక్కడ గండం గాలి నుండి కాక యుద్ధం నుండి వచ్చినది.

మరల రేవు తెరుచుటకు నలుబది ఏండ్లు పైగా పట్టినది. 1987లో ఒడిశా ప్రభుత్వం ఆర్జిపల్లి వద్ద, వాతావరణం అనుకూలించిన నెలలలో మాత్రం పనిచేసే రేవును ప్రారంభించినది. 2006లో దానిని ఏడాది పొడుగున పనిచేయునట్లు పెంచుటకు ఒక ప్రైవేటు సంస్థతో ఒప్పందం కుదిరినది. 2024లో అది అదానీ సంస్థ చేతికి వచ్చినది. ఇనుప ఖనిజం, బొగ్గు, ఛత్రపురం ఇసుక నుండి తీసిన ఇల్మనైట్ వంటివి అక్కడ ఎగుమతి దిగుమతి అగుచుండును. మన పట్టు ఆ దారిన పోవుట లేదు. అయినను రేవును తాకిన గాలి మన మగ్గాలను తాకక మానదు.

తేదీలు చూడుడు. 1999 అక్టోబరు 17న గోపాలపురం దగ్గర తుఫాను తీరం దాటినది. పన్నెండు రోజులకే, 29న, పారాదీపు వైపు వచ్చిన మహా తుఫానులో ఒడిశాలో సుమారు పదివేల మంది చనిపోయినారు. 2013 అక్టోబరు 12న, సరిగా దుర్గాష్టమి నాటి రాత్రి, ఫైలిన్ గోపాలపురం వద్ద తీరం దాటినది. గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి మన జిల్లాను కూడ ముంచినది. మూడు సంవత్సరాలలోను అక్టోబరే. పడుగులు మగ్గం మీద ఉండే నెల అది.

కాని ఫైలిన్ నాడు మరొక సంగతి జరిగినది. వాతావరణ శాఖ ముందుగా హెచ్చరించగా ఒడిశాలో సుమారు పది లక్షల మందిని సురక్షిత స్థలాలకు చేర్చినారు. అంత గాలికి మరణాలు పదులలోనే ఆగినవి. నేపుల్స్ కొండకు కావలి పెట్టినట్లు మన వారు సముద్రానికి కావలి పెట్టుట నేర్చినారు. ప్రాణాలు దక్కినవి. మిగిలినది మగ్గాన్ని దక్కించుకొనుట.

గుంట మగ్గం బలహీనత గుంటలోనే ఉన్నది. నీరు మొదట చేరేది అందులోకే. కాళ్ళతో తొక్కే కర్రలు నాని వంకరపోవును. తడిసిన పట్టుకు బూజు పట్టును, జరీ నల్లబడును. అప్పు మాత్రం తడవదు. కనుక హెచ్చరిక విన్ననాడే చేయదగిన పనులు చెప్పుచున్నాము. నేయని పట్టును, జరీని, కండెలను రేకు పెట్టెలో పెట్టి ఇంటిలో అన్నిటికంటె ఎత్తైన చోట ఉంచవలెను. వీలైనచో పడుగును పన్నెతో సహా విప్పి చుట్టి పైకి కట్టవలెను. అతుకుటకు రెండు రోజులు పట్టినను పడుగు మొత్తం పోవుటకంటె మేలు. మగ్గానికి, సరకుకు ముందే ఫోటోలు తీయించి, పట్టు కొన్న రసీదులతో కలిపి ఒక నకలు సహకార సంఘంలో ఉంచవలెను. నష్టపరిహారం అడుగునాడు నోటిమాట చాలదు.

చివరకు నేపుల్స్ వైపు మరొకసారి చూతము. ఆ నగరానికి ఉత్తరంగా శాన్ లెయూచో అనే చిన్న ఊరు కలదు. నేపుల్స్ రాజు నాల్గవ ఫెర్డినాండ్ అక్కడ పట్టు నేతవారిని నిలిపి, 1789లో వారికొక ధర్మశాసనం వ్రాయించి ఇచ్చినాడు. పిల్లలందరికి చదువు తప్పనిసరి, కట్నాలు లేవు, పనితనాన్ని బట్టి హోదా. రోగులకు, వృద్ధులకు అందరి సంపాదన నుండి తీసిన నిధి. అది రాజు ఇచ్చినది. మనకు ఇచ్చే రాజు లేడు, సంఘం ఉన్నది. మగ్గానికి నెలకు కొద్దిపాటి సొమ్ము చొప్పున గాలివాన నిధి ఒకటి కూడబెట్టినచో, నీరు తీసిన మరునాడే పడుగుకు పట్టు కొనుటకు వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కనక్కరలేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. అక్టోబరు వచ్చుటకు ముందే అది తేలవలెను.