తిత్తుల మీద కదిలే విమానం

హార్మోనియం వాయించేవారు ఒక చేత్తో మెట్లు నొక్కుతూ రెండో చేత్తో తిత్తి ఊదుతారు. గాలిని పట్టి, కావలసిన చోటికి కావలసినంతే వదలడంలోనే ఉంది ఆ వాద్యం కిటుకంతా. ఎడ్విన్ లింక్ ఆ కిటుకు తెలిసిన ఇంట్లో పెరిగాడు. న్యూయార్క్ రాష్ట్రం బింగ్‌హామ్టన్‌లో వాళ్ల నాన్నకు పియానోలు, ఆర్గన్‌లు తయారుచేసే కార్ఖానా ఉండేది. 1920లో 50 డాలర్లు పోసి మొదటి విమాన పాఠానికి వెళ్తే, గురువు అతణ్ణి కంట్రోళ్ల మీద చెయ్యే వేయనివ్వలేదు. నేలమీదే నేర్చుకునే ఉపాయం వెతికి, 1929 నాటికి ఆర్గన్ సామాన్లతోనే ఒక యంత్రం చేశాడు.

పొట్టి రెక్కలు, చిన్న తోక ఉన్న చెక్కపెట్టె అది. కింద నాలుగు తిత్తులు. స్టిక్కును ముందుకు తోస్తే కవాటం తెరుచుకుని ముందరి తిత్తిలోని గాలిని పంపు లాగేస్తుంది. తిత్తి ముడుచుకుని ముక్కు వాలుతుంది. పక్కకు తోస్తే పక్క తిత్తి. పెట్టె గుండ్రంగా తిరగడానికి మరో తిత్తుల మోటారు.

ఫ్లయింగ్ స్కూళ్లు దాన్ని కొనలేదు, వినోదాల పార్కులు కొన్నాయి. 1934లో అమెరికా సైన్యానికి విమానాల్లో టపా మోసే పని అప్పగించారు. చీకట్లో, మంచులో విమానాలు కూలి కొద్ది వారాల్లోనే పదిమందికి పైగా చనిపోయారు. బయట ఏమీ కనబడకపోయినా నడపడం నేర్పడానికి అప్పుడుగాని సైన్యం ఆరు పెట్టెలు కొనలేదు. అంత ఖరీదు చెల్లించాక వచ్చిన తెలివి అది.

రెండో ప్రపంచయుద్ధం నాటికి అమెరికా నౌకాదళపు విమాన శిక్షణ స్థావరాల్లో ఈ పెట్టెలకు ప్రత్యేకంగా గదులుండేవి. కుర్రవాడు లోపల కూర్చోగానే పైన మూత పడేది. చీకట్లో మెరిసే మీటర్ల ముళ్లు, చెవిలో రేడియో మోత, అంతే. బయట బల్ల దగ్గర మైకు పట్టుకున్నది చాలాచోట్ల అమ్మాయే. 1942లో వేవ్స్ పేరుతో నౌకాదళంలో చేరిన స్త్రీలలో కొందరికి అట్లాంటా స్థావరంలో ఈ పెట్టెలతో పాఠం చెప్పడం నేర్పారు. విమానం నడిపే ఉద్యోగం మాత్రం వాళ్లకు ఇవ్వలేదు. ఆకాశంలోకి పోయేవాళ్ల ప్రాణాలకు పూచీపడే పాఠం చెప్పింది వాళ్లే.

ఆ పాఠంలో కష్టమైనది ఒకటే: సొంత ఒంటిని నమ్మకపోవడం. మన లోపలి చెవిలో అర్ధచంద్రాకారపు గొట్టాలున్నాయి. తల తిరిగినప్పుడు వాటిలోని ద్రవం వెనకబడుతుంది; ఆ వెనకబాటే మనకు తిరుగుతున్నామని చెబుతుంది. ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే కాసేపటికి ద్రవమూ గొట్టంతో కలిసి తిరుగుతుంది, ఇక చెవికి తిరుగుడే తెలియదు. విమానాన్ని తిన్నగా పెట్టగానే ద్రవం ఆగక ముందుకు పోతుంది. ఎదురు దిక్కుకు తిరుగుతున్నట్టు ఒళ్లు మొత్తుకుంటుంది. మబ్బులో ఉన్న పైలట్ దాని మాట వింటే మళ్లీ సుడిలోకే పోతాడు.

నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా నచ్చింది 'పీత'. మూడు చక్రాల చిన్న బండి అది. లోపలివాడు ఎటు నడిపితే అటు, గురువు బల్లమీది పటంపై సిరాతో గీత గీస్తూ పాకేది. సమయం అయ్యాక మూత తెరుచుకునేది. కుర్రవాడు చెమటతో దిగి ఆ గీత చూసుకునేవాడు. తిన్నగా పోతున్నానని ఒట్టేసి చెప్పగలిగిన చోట, సిరా సున్నా చుట్టి ఉండేది.