మన యాసలో పలికిన రేడియో

రేడియో అంటే మనలో చాలామందికి ఆకాశవాణి వార్తలు, వివిధభారతి పాటలు గుర్తుకొస్తాయి. మా ఝరాసంగం చుట్టుపక్కల ఆడవాళ్లకి ఇంకోటి కూడా గుర్తుకొస్తుంది. అదే మాచునూరు సంగం రేడియో. దాన్ని నడిపింది పట్నం నుంచి వచ్చిన అనౌన్సర్లు కాదు. మా పల్లెల్లోనే పుట్టి పెరిగిన జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ నర్సమ్మలే!

ఆ గొంతులు గాలిలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టిందండీ. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్లు యునెస్కో సాయంతో 1998 నాటికి స్టూడియో ఏర్పాటు చేసుకున్నారు. కానీ ప్రసారానికి అనుమతి లేదు. ఊరుకున్నారా? మాటలు, పాటలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించారు. 2006లో ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకి దారి తెరిచింది. 2008 అక్టోబరు 15న 90.4 మీద సంగం రేడియో పలికింది. కాలేజీల ఆవరణ బయట మన దేశంలో వచ్చిన మొదటి కమ్యూనిటీ రేడియో ఇదే.

రాత్రి 7 నుంచి 9 దాకా వచ్చేది. సరిగ్గా మనం పొయ్యి దగ్గర ఉండే వేళ. ఒక చేత్తో జొన్నరొట్టె తడుతూ వినేదాన్ని. కొర్రలు, సామలు, విత్తనాలు దాచుకునే పద్ధతి, బాలింతలకి పెట్టే తిండి, బతుకమ్మ పాటలు, ఇవే కార్యక్రమాలు. విత్తకుండానే చేలో మొలిచే తుమ్మికూర, గునుగుకూర గురించి ముసలమ్మలు చెబుతుంటే మా అత్తమ్మ "అగో, నేను చెప్పలేదా" అని మురిసిపోయేది. మర్నాడు మా ఇంట్లో పప్పులో గునుగుకూర, పైన ఎల్లిగడ్డ తాలింపు!

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ మాటతీరు. ఇంటర్ చదివే రోజుల్లో మా యాస వింటే తోటివాళ్లు నవ్వేవాళ్లు. నోరు విప్పాలంటేనే భయం. అదే యాస రేడియోలో దర్జాగా వినపడితే, మన మాటకీ విలువ ఉందనిపించింది. చదువురాని అవ్వ కూడా మైకు ముందు కూర్చుని సేద్యం గురించి చెప్పగలిగిందంటే, ఎదుట ఉన్నది తనలాంటి నర్సమ్మ కాబట్టే కదా.

ఆ సొసైటీని నిలబెట్టిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో కన్నుమూశారు. పాటలు తెలిసిన పెద్దవాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అక్కల్లారా, ఇప్పుడు స్టూడియో అక్కర్లేదు, చేతిలో ఫోనుంది. ఈ ఆదివారం మీ అమ్మనో అత్తనో కూర్చోబెట్టి ఒక పాట, ఒక వంట, ఒక నాటువైద్యం చెప్పించి రికార్డు చేయండి. వాళ్ల మాటల్లోనే సుమా, దిద్దకండి. రేపు మన పిల్లలకి అంతకన్నా మంచి ఆస్తి ఏముంటుంది?